ఇంటి సంగతి ఎవరితో చెప్పుకోవాలి?

పిల్లలు, కుటుంబం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకే ఈ పేజీలను కేటాయించాం. రాసినవారి పేర్లు, ఊళ్ల పేర్లు తీసివేసి, విషయం అర్థమయ్యే మేరకు ఉత్తరాలను కుదించాం. దాదాపు ప్రతి ఉత్తరం చివరా ఒకే మాట ఉంది: "నలుగురికీ తెలియకుండా ఏదైనా దారి చెప్పండి." ఆ మాటను మనసులో పెట్టుకునే ఈ సమాధానాలు రాశాను.

ప్రశ్న: మాది ఉద్దానం. నా కొడుకు మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయినేడాది దీపావళికి ముందు కన్నుమూశాడు. కోడలు హైదరాబాదులో మేస్త్రీ పనుల్లో కూలికి వెళ్తూ నెలనెలా ఎంతో కొంత పంపుతుంది. మనవరాలికి పదకొండేళ్లు, మనవడికి ఏడేళ్లు. ఇద్దరూ నా దగ్గరే ఉన్నారు. నేను జీడిపప్పు ఒలిచే పనికి పోతాను. తండ్రి పోయిన సంగతి గుంటడికి చెప్పలేదు. శవాన్ని తెచ్చిన రోజు వాడిని మేనమామ ఊరికి పంపేసి, మా మరిది కొడుకు చేత తలకొరివి పెట్టించాం. నాన్న చెన్నై పనికెళ్లాడని చెప్పాం. అప్పటి నుంచి సాయంత్రం పలాస బస్సు వచ్చే వేళకు రోడ్డు మీదకు పోయి కూర్చుంటున్నాడు. రాత్రి పక్క తడిపేస్తున్నాడు. దిష్టి తీశాను, అంత్రం కట్టించాను. వాత పెట్టించమని ఒకరు, హాస్టల్లో వేసేయమని ఇంకొకరు అంటున్నారు. పిల్లల కమిటీకి చెబితే నెలకు నాలుగు వేలు ఇస్తారట గానీ, పిల్లలను తీసుకుపోతారట. నిజమేనా?
(ఒక నాన్నమ్మ, పక్కింటి అమ్మాయి రాసిపెట్టిన ఉత్తరం)

సమాధానం: అమ్మా, ముందు మీ భయం సంగతి మాట్లాడుకుందాం. మీరు పిల్లల కమిటీ అంటున్నది బాలల సంక్షేమ సమితి. ఆఫీసుల్లో దాన్ని సీడబ్ల్యూసీ అంటారు. 2015లో వచ్చిన బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లాకు ఒక్కటైనా ఇటువంటి సమితి ఉండాలి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వారిలో కనీసం ఒక మహిళ ఉండాలి. నెలకు కనీసం 20 రోజులు సమావేశం కావాలి. పిల్లలను హోముల్లో ఉంచడం, వేరే ఏ దారీ లేనప్పుడు మాత్రమే పట్టవలసిన ఆఖరి దారి అని ఆ చట్టం మూడో సెక్షన్‌లోనే స్పష్టంగా ఉంది. కడుపులో పెట్టుకుని సాకుతున్న నాన్నమ్మ, దూరాన ఉన్నా డబ్బు పంపుతున్న తల్లి ఉన్న పిల్లలను డబ్బు లేదన్న ఒక్క కారణంతో ఇంటి నుంచి వేరు చేయడం ఆ చట్టం ఉద్దేశం కాదు. మీ ఇల్లు చూడడానికి ఒక సోషల్ వర్కర్ రావచ్చు. పిల్లలు ఏం తింటున్నారు, బడికి వెళ్తున్నారా, రాత్రి ఎవరి పక్కన పడుకుంటున్నారు అని అడగవచ్చు. నివేదిక రాయడానికి అవి కావాలి. మీలో తప్పు వెతకడానికి వచ్చారని భయపడి తలుపు వేసుకోకండి.

నాలుగు వేల మాట నిజమే. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ కింద ఒక్కో బిడ్డకు నెలకు రూ. 4,000 ఇస్తారు. తండ్రి చనిపోయి తల్లి పోషిస్తున్న పిల్లలు, తల్లిదండ్రులు ఇద్దరూ లేక బంధువుల ఇంట పెరుగుతున్న పిల్లలు, ప్రాణాంతక జబ్బు పడిన తల్లిదండ్రుల పిల్లలు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి రూ. 72,000, ఇతర చోట్ల రూ. 96,000 మించకూడదు. మీ కోడలికి వచ్చే వితంతు పింఛను కూడా అంతే మొత్తం కావడంతో చాలామంది రెండూ ఒకటే అనుకుంటున్నారు. అది ఆమెకు, ఇది పిల్లలకు. కొడుకు మరణ ధ్రువపత్రం, పిల్లల ఆధార్, స్టడీ సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం తీసుకుని శ్రీకాకుళంలో జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లాలి. అంత దూరం పోలేకపోతే మీ అంగన్‌వాడీ కార్యకర్తను అడగండి. మంజూరు చేసేది కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ. దరఖాస్తు పెట్టిన మర్నాడే డబ్బు పడుతుందని అనుకోవద్దు. పని చేసిపెడతానని వచ్చే మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

ఇక మనవడి విషయం. ఆ సాయంత్రం బస్సు గురించి మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వచ్చేస్తాడని మీరు చెప్పినన్నాళ్లూ అతడు ఎదురుచూస్తూనే ఉంటాడు. పైగా, ఏడేళ్లవాడు తిరిగే వీధిలో, చదివే బడిలో తండ్రి పోయిన మాట అతడి చెవిన పడకుండా ఉండదు. ఇంట్లో అందరూ దాస్తున్నారు కాబట్టి అడగకూడదని మాత్రం అతడికి అర్థమై ఉంటుంది. ఇంకొక సంగతి గమనించండి. తండ్రి "పనికి" వెళ్లి తిరిగి రాలేదు. తల్లి వెళ్లిందీ పనికే. ఆ మాట వినపడినప్పుడల్లా ఆ పసివాడి గుండెలో ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి. పక్క తడపడానికి మూలం అక్కడ ఉండవచ్చు.

కాబట్టి నిజం చెప్పాలి. తల్లి ఇంటికి వచ్చినప్పుడు, ఆమె కనీసం వారం రోజులైనా ఉండేటట్టు చూసుకుని, ఆమే చెబితే మంచిది. పగటిపూట, ఇంట్లో చుట్టాలు లేనప్పుడు, ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాలి. మాటలు చిన్నవిగా ఉండాలి: "నాన్నకు కిడ్నీలు పాడైపోయాయి. డాక్టర్లు చాలా చూశారు. నాన్న చనిపోయాడు. చనిపోయినవాళ్లు తిరిగి రారు. ఇందులో నీ తప్పేమీ లేదు. అమ్మ పనికి వెళ్తుంది, మళ్లీ వస్తుంది." నిద్రపోయాడని చెబితే పిల్లలు పడుకోవడానికి భయపడతారు. దేవుడి దగ్గరకు వెళ్లాడంటే, అక్కడి నుంచి ఎప్పుడు వస్తాడని అడుగుతారు. చెన్నై అని అబద్ధం చెప్పినందుకు మీరు బాధపడుతున్నట్టు కూడా అతడితో అనండి. మనవడి దగ్గర నానమ్మకు నామోషీ ఏముంటుంది? విన్న వెంటనే ఏడవవచ్చు, లేదా ఏమీ విననట్టే ఆడుకోవడానికి పరుగెత్తవచ్చు. రెండూ మామూలే. అడిగిన ప్రశ్నే పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే జవాబు ఇవ్వండి. సంవత్సరీకం నాడు దీపం వెలిగించేది అతడే కానివ్వండి. తల్లి హైదరాబాదు తిరిగి వెళ్లాక, ఆ బస్సు వచ్చే వేళకే రోజూ ఫోను చేయాలని నా సలహా.

పక్క తడిపినందుకు తిట్టవద్దు, నలుగురిలో ఆ మాట ఎత్తవద్దు. ఒకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూత్ర పరీక్ష చేయించండి. ఇన్‌ఫెక్షనో, చక్కెర సమస్యో ఉంటే తెలిసిపోతుంది. అంత్రం ఉంటే ఉండనివ్వండి, దానివల్ల నష్టం లేదు. వాత మాత్రం ఎవరు చెప్పినా వద్దు: అది కాలిన పుండు తప్ప వైద్యం కాదు. నిజం చెప్పిన తరువాత కూడా రెండు మూడు నెలల పాటు ఇదే తీరు ఉంటే, మానసిక సమస్యలకు ఫోనులో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది. ఎదురుగా చూపించాలంటే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులను అడగండి.

మీ ఉత్తరంలో మనవరాలి గురించి వయసు తప్ప ఒక్క మాట కూడా లేదు. ఆ పిల్లకు అంతా తెలుసు, తమ్ముడి ముందు నోరు మెదపకుండా మోస్తోంది. మీరు పనికి వెళ్లినప్పుడు వంట, నీళ్లు, తమ్ముడు అన్నీ ఆమెవే అయి ఉంటాయి. ఏ అల్లరీ చేయని బిడ్డకు ఏ బాధా లేదనుకుంటాం. వారానికి ఒక్క రోజైనా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ నాన్న ముచ్చట్లు చెప్పించండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది. ఆ జబ్బుతో తండ్రులు పోయిన ఇళ్లలోని పిల్లల గురించి మాత్రం మనం అంతగా మాట్లాడుకోలేదని నాకనిపిస్తుంది.

ప్రశ్న: నేను విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిని. పదో తరగతి చదువుతున్న పదిహేనేళ్ల అమ్మాయికి పరీక్షలు కాగానే మేనమామతో పెళ్లి చేస్తున్నారు. "టీచర్, ఎవులికీ చెప్పకండి" అని ఏడుస్తూ చెప్పింది, నేను మాట ఇచ్చాను. తల్లిదండ్రులు ఇటుక బట్టీల పనికి వలస వెళ్తారు. ఎదిగిన పిల్లను ఎవరి మీద వదిలి వెళ్లాలన్నది వారి మాట. ఫిర్యాదు చేస్తే ఊళ్లో నా పరిస్థితి ఏమిటి?

సమాధానం: ఇవ్వకూడని మాట ఇచ్చారు, అయినా మించిపోయింది లేదు. రేపే ఆ అమ్మాయిని విడిగా పిలిచి, "నీ సంగతి ఊరంతా చెప్పను, కానీ నీకు సహాయం చేయగల ఒక్కరికి చెప్పక తప్పదు" అని నిజాయతీగా అనండి. చెప్పకుండా ఫిర్యాదు చేస్తే పెళ్లి ఆగవచ్చు గానీ, ఆ పిల్ల ఇంకే పెద్దమనిషినీ నమ్మదు.

2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. మేనరికానికి ఇందులో మినహాయింపు లేదు. మీరు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు. పేరు బయట పెట్టవద్దని కోరవచ్చు. లేదా మీ ప్రాంతంలో అంగన్‌వాడీలను చూసే అధికారి సీడీపీఓకు చెప్పవచ్చు. పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడే చెప్పడం మేలు. పందిరి వేశాక, బంధువులు దిగాక అధికారులు వస్తే ఆ అవమానం భారమంతా చివరకు పిల్ల మీదనే పడుతుంది. ఎంత చెప్పినా పెద్దలు వినకపోతే మేజిస్ట్రేటు నిషేధ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వును కాదని చేసిన పెళ్లి చెల్లదు. పెళ్లి ముప్పు ఉన్న బాలికను సంరక్షణ అవసరమైన బాలికగానే బాలల న్యాయ చట్టం గుర్తిస్తుంది కాబట్టి, బాలల సంక్షేమ సమితి ముందుకూ ఈ విషయం వెళ్తుంది. పెళ్లి జరిగిపోయినా, పద్దెనిమిది నిండకుండా భార్యతో కాపురం చేయడం నేరమేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చి చెప్పింది. ఈ మాట ఆ మేనమామకు ఎవరైనా చెప్పాలి.

అయితే చట్టం చెప్పి ఊరుకుంటే ఆ తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు దొరకదు. వారు దుర్మార్గులు కారు. తాము బట్టీ దగ్గర ఉన్న ఆరేడు నెలలూ పిల్ల ఎక్కడ ఉండాలన్నదే వారికి తెగని సమస్య, దానికి వారికి తోచిన పరిష్కారం పెళ్లి. కనుక కౌన్సెలింగ్‌కు వచ్చేవారి చేతిలో ఒక చిరునామా ఉండాలి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఇంటర్ కూడా చదివే వీలు చాలా చోట్ల ఉంది, ఉండడానికి, భోజనానికి ఖర్చు లేదు. సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ గురుకులాలు ఉన్నాయి. ప్రవేశాల తేదీలు, దరఖాస్తు మీరే దగ్గరుండి చూసిపెట్టి, ఆ కాగితం చేతిలో పట్టుకుని తల్లితో మాట్లాడండి. తండ్రి కంటే ముందు తల్లితో. మీ ప్రధానోపాధ్యాయులను కూడా కలుపుకోండి. బడి తరఫున వెళ్లిన మాటకు ఊళ్లో ఉండే బరువు వేరు, మీ ఒక్కరి మీద కోపమూ మిగలదు.

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా బాబుకు మూడేళ్లు నిండాయి, మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూడడు, ఫోనులో పాట పెడితే మాత్రం పరుగెత్తుకొస్తాడు. వాళ్ల నాన్నకూ ఐదేళ్లకు గానీ మాటలు రాలేదని మా అత్తగారు అంటున్నారు. ఆగమంటారా?

సమాధానం: ఆగవద్దు. ఏడాదిన్నర లోపు ఒక్కొక్క మాటైనా, రెండేళ్లకు "అమ్మా రా", "పాలు కావాలి" వంటి రెండు మాటల కలయికైనా రావాలి. పేరు పెట్టి పిలిస్తే చూడకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం వంటివి ఉంటే ఇంకా తొందరపడాలి. ఇది ఆటిజమేనని నేను ఉత్తరం చూసి చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఫోను పాటకు పరుగెత్తుకొస్తున్నాడు గనక వినికిడి బాగానే ఉందని తేల్చేసుకోవద్దు. కొన్ని శబ్దాలు వినపడి, మాటలోని సన్నని అక్షరాలు వినపడని పిల్లలు ఉంటారు. మొదట చేయించవలసింది వినికిడి పరీక్ష.

దారి అంగన్‌వాడీ నుంచే మొదలవుతుంది. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తాయి. అనుమానం ఉన్న పిల్లలను సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. అక్కడ పిల్లల డాక్టరు, స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ అన్నీ ఒకే చోట ఉండాలన్నది ఆ పథకం ఏర్పాటు. బృందం వచ్చే దాకా ఎదురుచూడక, కార్యకర్త దగ్గర రాయించుకుని మీరే వెళ్లవచ్చు. బాబు బడి ఈడుకు వచ్చాక ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రం సేవలు కూడా అందుతాయి. ఈలోగా ఫోను పక్కన పెట్టండి. నీళ్లు పోస్తున్నప్పుడు నీళ్లు అనండి, అన్నం పెడుతున్నప్పుడు అన్నం అనండి, జవాబు కోసం అతడి ముఖంలోకి చూస్తూ ఐదు లెక్కపెట్టేంతసేపు ఆగండి. మీ అత్తగారి మాటను కొట్టిపారేయనక్కరలేదు. ఆవిడనూ వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: శ్రీకాకుళం పట్టణంలో ఉంటాం. నా భర్త రోజూ తాగి వచ్చి గొడవ చేస్తారు, అప్పుడప్పుడు చేయి చేసుకుంటారు. తొమ్మిదేళ్ల మా పాప ఆయన బండి చప్పుడు వినగానే మంచం కిందకు వెళ్లిపోతోంది. కేసు పెట్టడం నాకు ఇష్టం లేదు, ఆయన మారితే చాలు. పిలిచి నచ్చజెప్పేవాళ్లు ఉన్నారా?

సమాధానం: ఉన్నారు, కానీ వారి దగ్గరకు వెళ్లే క్రమం ముఖ్యం. ముందు మీరు ఒక్కరే జిల్లా కేంద్రంలోని వన్ స్టాప్ సెంటర్‌కు వెళ్లండి. సఖి కేంద్రం అన్నా అదే. కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సలహా, పోలీసు సహాయం అక్కడే చూస్తారు, అవసరమైతే కొద్దిరోజులు ఉండనిస్తారు. 181 మహిళల సహాయ నంబరు. అక్కడికి వెళ్లినంత మాత్రాన కేసు అయిపోదు. ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి, దెబ్బలు ఉన్న ఇంట్లో మొదటి రోజే పనికిరాదు. అక్కడ మీరు చెప్పిన ప్రతి మాటకూ ఆ రాత్రి ఇంట్లో సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. ఇద్దరికీ చెరిసగం బుద్ధి చెప్పి, "సర్దుకుపోండమ్మా" అని పంపే పెద్దమనుషుల పంచాయితీలను కౌన్సెలింగ్ అనుకోవద్దు. తాగుడుకు 14446కి ఫోను చేస్తే చికిత్స కేంద్రం వివరాలు చెబుతారు. ఆయన తాగని పూట, పాప లేని చోట ఆ మాట ఎత్తండి. దెబ్బలు పెరిగితే మాత్రం 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అధికారి ద్వారా మేజిస్ట్రేటు నుంచి రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. అందులో మొదట మీరు అడిగేది ఆయన జైలు కాదు, మీ మీద చేయి ఎత్తకుండా ఆంక్ష. మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని ఉచితంగా ఇస్తుంది, నంబరు 15100.

పాప మంచం కింద ఎంతసేపు ఉంటోందో మీరు రాయలేదు. బయటకు రమ్మని లాగకండి. గొడవ సద్దుమణిగాక మీరూ కింద కూర్చుని, "నీ వల్ల కాదు, ఆపవలసిన పని నీది కాదు" అని చెప్పండి. గొడవ మొదలైతే ఏ పక్కింటికి వెళ్లాలో, 112కు ఎలా ఫోను చేయాలో పగటిపూట ఆటలా నేర్పించండి.

ప్రశ్న: కౌన్సెలర్ అని బోర్డులు చాలా కనిపిస్తున్నాయి. ఫీజు కట్టి వెళ్లేముందు ఏం చూసుకోవాలి? (విజయనగరం)

సమాధానం: క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అడగడంలో తప్పు లేదు, చెప్పడానికి తడుముకునేవారి దగ్గర కూర్చోకండి. మందులు రాయగలిగేది డాక్టరు మాత్రమే. మొదటి రోజే ఇరవై సిటింగుల ప్యాకేజీ డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి. పిల్లల గురించి వెళ్లినప్పుడు, మీ ముందే అన్నీ అడిగి పంపేస్తున్నారా, బిడ్డతో కొంతసేపు విడిగా ఆడుతూ మాట్లాడుతున్నారా అన్నది చూడండి. బిడ్డ చెప్పిన మాటల్లో మీకు ఏవి చెబుతారు, ఏవి చెప్పరు అన్నది ముందే అడిగి తెలుసుకోండి. బిడ్డ మీద లైంగిక దాడి జరిగినట్టు తెలిస్తే మాత్రం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం వారు పోలీసులకు తెలియజేసి తీరాలి, దాన్ని దాస్తామని వారు మాట ఇవ్వలేరు. ఆ బిడ్డ పేరు గానీ, ఇల్లు, బడి గుర్తుపట్టే వివరాలు గానీ పత్రికల్లో రాకూడదని కూడా ఆ చట్టమే చెబుతోంది.